చిన్న ఆర్ట్ క్విల్ట్ కోసం ఫ్యూజిబుల్ వెబ్: ఏ రకం కొనాలి, ఏది వద్దు

ముందే చెప్పేస్తున్నా. తేలిక రకం ఫ్యూజిబుల్ వెబ్ అయితే కళ్లు మూసుకుని కొనండి, ప్యాకెట్ మీద "కుట్టక్కర్లేదు" అని గొప్పగా రాసి ఉండే మందం రకం మాత్రం ఈ పనికి అస్సలు వద్దు. ఎప్పుడూ వాడనివాళ్ల కోసం ఒక్క ముక్క: ఇది కాగితానికి పట్టించిన పల్చటి జిగురు పొర. గుడ్డ వెనకవైపు పెట్టి ఇస్త్రీ చేస్తే జిగురు గుడ్డకి అంటుకుంటుంది, ఆ తర్వాత కావలసిన ఆకారం కత్తిరించి, కాగితం ఊడదీసి, ఇంకో గుడ్డ మీద పెట్టి మళ్లీ ఇస్త్రీ చేస్తే రెండూ ఒకటైపోతాయి. అంతే.

నేను దీన్ని వాడింది రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ 1913లో వేసిన ఏకకేంద్ర వలయాల బొమ్మ చూసి చేసిన క్విల్ట్‌కి. కప్పుకునే బొంత కాదులెండి, గోడకి తగిలించేది. ఆ బొమ్మ మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, 12 గళ్లు, ఒక్కో గడిలో వలయం లోపల ఇంకో వలయం. పోస్టర్లలో చూసి పెద్ద కాన్వాస్ అనుకుంటారు చాలామంది, కానీ అది కాగితం మీద ఎక్కువగా వాటర్‌కలర్లతో వేసినది, సుమారు 24 సెంటీమీటర్లు బై 32. అంటే గడికి 8 సెంటీమీటర్ల లెక్కన అసలు సైజులోనే క్విల్ట్ చేసుకోవచ్చు, పైగా ఆయన దాన్ని ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే ఎలా కనపడుతుందో చూసుకోవడానికి వేసుకున్నాడు కాబట్టి గుడ్డముక్కలతో ఆడుకునేవాళ్లకి ఇంతకంటే మంచి గురువు దొరకడు.

ఈ వెబ్ అసలు ఉపయోగం తెలిసేది అక్కడే. అంచులు లోపలికి మడిచి చేత్తో కుట్టే పద్ధతిలో గడి మధ్యలో వచ్చే బొత్తాం అంత వలయం చేయాలంటే ప్రాణం పోతుంది, ఒకవేళ ఓపిగ్గా చేసినా వలయం మరీ నున్నగా వచ్చేస్తుంది. ఆ బొమ్మలో వలయాలేమో కంపాస్‌తో గీసినట్టు ఉండవు, వంకరటింకరగా, ఒకదాని రంగు పక్కదానిలోకి కాస్త పాకినట్టు ఉంటాయి. జిగురు పట్టిన గుడ్డ కాగితంలా తెగుతుంది, అంచు దారాలు కూడా పెద్దగా ఊడిరావు, కాబట్టి పెన్సిల్ గీతలు మానేసి కత్తెర ఎటు పోతే అటు కోసేయొచ్చు. కాగితం మీద గీసి కత్తిరించేవాళ్లు మాత్రం గుర్తుపెట్టుకోండి, గీత వెనకవైపు ఉంటుంది కాబట్టి ఆకారం అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. వలయాలకి పర్వాలేదు, వంపు ఒకవైపే ఉన్న ఆకారాలైతే తిప్పి గీయాల్సిందే.

ఇస్త్రీ చేసేదాకా ఏదీ ఖాయం కాదు, నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ముక్కలన్నీ పరిచి, ఈ ఎరుపు నీలం మీద పెడితే మండిపోతోందా, అదే ఎరుపు నారింజ మీద పెడితే కనపడకుండా పోతోందా అని ఎంతసేపైనా మార్చుకోవచ్చు. ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీసి చూడండి, వేరే వేరే రంగులు అనుకున్నవి రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతే వాటిలో ఒకటి మార్చాలని అర్థం. బతిక్ (మైనం అద్ది రంగు వేసిన) గుడ్డలైతే ఇంకా బాగుంటుంది, నేత దగ్గరగా ఉంటుంది, ఒకే ముక్కలో రెండు మూడు ఛాయలు ఉండడం వల్ల వాటర్‌కలర్ పోలిక కూడా వస్తుంది.

ఇక తిట్టాల్సినవి. వలయం మీద వలయం వేస్తూ పోతే, నాలుగైదు పొరల జిగురు చేరి గడి మధ్య భాగం అట్టముక్కలా బిగుసుకుపోతుంది, సూదికి జిగురు చుట్టుకుంటుంది, దారం తెగుతుంది, అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్. మందం రకం వద్దన్నది అందుకే, దాంతో ఈ గోల ఇంకా ఎక్కువ. దీనికి ఉపాయం ఉంది, కానీ ప్యాకెట్‌లోని సూచనల కాగితంలో ఆ ఊసే లేదు. గుడ్డకి అంటించే ముందే వెబ్ మధ్యభాగం కత్తిరించి తీసేసి, అంచు చుట్టూ అర సెంటీమీటరుకి కాస్త ఎక్కువ పట్టీ మాత్రం ఉంచితే చాలు. పొరలు పెరిగినా గుడ్డ మెత్తగానే ఉంటుంది. సూచనలు రాసేవాళ్లు ఎప్పుడైనా రెండు పొరలకి మించి అంటించి చూశారా అని నా డౌటు.

వేడి విషయంలో కూడా జాగ్రత్త. ఎక్కువసేపు అదిమితే ఇంకా గట్టిగా పడుతుందనుకుంటాం గానీ జరిగేది దానికి ఉల్టా, జిగురు కరిగి గుడ్డలోకి ఇంకిపోయి రెండోసారి అతకదు. ఎన్ని సెకన్లు అని రాసి ఉంటే అన్నే. గుడ్డల్ని ముందే సాఫ్ట్‌నర్ లేకుండా ఉతికి పెట్టుకోండి, గంజి, సాఫ్ట్‌నర్ ఉన్న గుడ్డకి పట్టు సరిగ్గా రాదు. ఇస్త్రీ పెట్టెకి జిగురు అంటకుండా బేకింగ్ పార్చ్‌మెంట్ కాగితం అడ్డం పెడితే సరిపోతుంది.

తేలిక రకంలో ఒక చిక్కు, జిగురు అంచుల్ని ఎల్లకాలం పట్టి ఉంచదు, పైన కుట్టు పడాల్సిందే. మెషీన్‌లో గుడ్డని ముందుకు లాగే పళ్లు దించేసి, చేత్తో తిప్పుకుంటూ వలయాల వెంటే గుండ్రంగా కుట్టుకుంటూ పోతే అంచులు నిలుస్తాయి, క్విల్టింగ్ (పొరలన్నీ కలిపి కుట్టడం) కూడా అదే పనిలో అయిపోతుంది. 80 నంబర్ సన్నమొన సూది వాడండి.

దొరికితే మడతపెట్టిన షీట్లు కాకుండా రోల్ కొనండి. మడతల దగ్గర జిగురు కాగితం నుంచి విడిపోయి పొట్టులా రాలుతుంది, పాతబడిన ప్యాకెట్లలో మరీ ఎక్కువ.