సిరిమానుకి వెళ్తే లాడ్జీని నమ్ముకోకండి

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే ఆ మంట ఇంకా చల్లారలేదు. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగకని, అక్కడ ఆర్టీసీ కాంప్లెక్సుకి దగ్గరగా ఉన్న ఒక లాడ్జీకి ఇరవై రోజుల ముందే ఫోన్ చేసి, సోమ, మంగళవారాలకు ఒక గది కావాలన్నాం. రోజుకి 1,400 అన్నారు. అడ్వాన్సు 1,000 ఫోన్‌పే చేశాం. పేరు రాసుకున్నామన్నారు. సోమవారం మధ్యాహ్నం సామాన్లతో వెళ్ళి నిలబడితే కౌంటర్లో ఉన్నాయన రిజిస్టరు కూడా తెరవలేదు. "ఆ గది వేరేవాళ్ళకి ఇచ్చేశాం. ఒక ఏసీ గది ఉంది, 4,200. అదీ ఈ ఒక్క రాత్రికే" అన్నాడు.

మేం నలుగురం. నేను, మావారు, ఏడో తరగతి చదివే మా పాప, మా అత్తయ్య. ఈ ప్రయాణమే అత్తయ్య కోసం. ఆవిడ పుట్టిల్లు విజయనగరం దాసన్నపేట. పెళ్ళయి రాజమండ్రి వచ్చి 46 ఏళ్ళయింది. పుట్టింటివాళ్ళు ఇల్లు అమ్ముకుని హైదరాబాద్ వెళ్ళిపోయాక ఆ ఊరు వెళ్ళే పనే లేకుండా పోయింది. పోయిన దసరాకి టీవీలో సిరిమాను చూపిస్తుంటే ఆవిడ వంట మధ్యలో వదిలేసి వచ్చి నిలబడి చూశారు. ఏమీ అనలేదు. ఆ రోజే మావారు నాతో అన్నారు, వచ్చే ఏడు అమ్మని తీసుకెళ్దామని.

అలాంటి మనిషి ఆ లాడ్జీ మెట్ల మీద, మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. మావారు ఫోన్‌పే చూపించి వాదిస్తున్నారు. "పండగ రేటు అంతే సార్, వద్దంటే చెప్పండి, ఇంకా నలుగురు అడుగుతున్నారు" అని ఒకటే మాట. అప్పుడు అత్తయ్య లేచి కౌంటర్ దగ్గరికి వచ్చారు. ఇన్నేళ్ళలో నేను ఆవిడ నోట ఎప్పుడూ వినని యాసలో అడిగారు. "ఏటి బాబూ, ఇరవై రోజుల ముందల డబ్బులిచ్చినోళ్ళకి గది నేదంటావేటి? అమ్మోరి పండక్కొచ్చినోళ్ళతో ఇలాగేనేటి మాటాడీది?" అతను ఒక్క క్షణం తల దించుకున్నాడు. రేటు మాత్రం దించలేదు.

ఇంకో మూడు లాడ్జీలు తిరిగాం. ఎక్కడా ఖాళీ లేదు. వెనక్కి వచ్చి మిగతా 3,200 కట్టాం.

గదిలో ఏసీ శబ్దం చేసిందే తప్ప చల్లబరచలేదు. దుప్పటి మీద ఎవరిదో తల నూనె మరక. అదంతా ఒక రాత్రే కదా అని సర్దుకున్నాం. నేను సర్దుకోలేకపోయింది తెల్లవారుజామున జరిగింది. సిరిమాను రోజు, తలస్నానం చేసి అమ్మవారి దగ్గరికి వెళ్ళాలని అత్తయ్య నాలుగింటికే లేచారు. కుళాయిలో నీళ్ళు లేవు. కిందకి వెళ్ళి అడిగితే మోటారు పాడైందన్నారు. బకెట్ 50 రూపాయలకి బాయ్ తెచ్చిపెడతాడట! నాలుగు బకెట్లకి 200 ఇచ్చాం. గదులన్నిటి ముందూ బకెట్లు, చేతిలో యాభై నోట్లతో ఆడవాళ్ళు. మోటారు నిజంగానే పాడైందో లేదో నాకు తెలియదు కానీ, ఎనిమిదింటికి గది ఖాళీ చేయమని తలుపు కొట్టినప్పుడు మాత్రం కారిడార్ కడగడానికి పైపులో నీళ్ళు వస్తున్నాయి.

సిరిమానుకి ముందురోజు జరిగే తొలేళ్ళ ఉత్సవం సోమవారం రాత్రి బాగానే చూశాం. మేళాలు, దీపాలు, తలమీద ఘటాలు ఎత్తుకుని వచ్చే ఆడవాళ్ళు. ఆ రాత్రి అమ్మవారి దగ్గర పెట్టిన విత్తనాలు రైతులు తీసుకెళ్ళి పొలంలో చల్లుకుంటారు.

మంగళవారం ఉదయం సామాన్లు మోసుకుంటూ బయటపడ్డాం. ఆటోలు లోపలికి రానివ్వరు. ఒకాయన 250 తీసుకుని, చుట్టూ తిప్పి, గుడి ఉన్న మూడు లాంతర్ల కూడలికి ఇంకా కిలోమీటరు పైన ఉందనగా దించేశాడు. రెండు బ్యాగులు, ఒక సంచీ, నడవలేని అత్తయ్య, ఏడుపు మొహం పెట్టిన పాప. మావారు లాడ్జీ మీద కోపమంతా నా మీద చూపిస్తున్నారు, ఫోన్ చేసి మాట్లాడింది నేనే కాబట్టి. ఒక సందు మొదట్లో నీడ ఉంటే ఆగాం. ఎదురుగా పాతకాలం పెంకుటిల్లు. అరుగు మీద ఒకావిడ అరటిపళ్ళ గెల ముందు పెట్టుకుని పళ్ళు విడదీస్తోంది.

"ఏటమ్మా, మామ్మని అలా నిలబెట్టేశారేటి? ఇలా వచ్చి కూకోండి" అంది.

కూర్చున్నాం. మంచినీళ్ళు ఇచ్చింది. ఏ ఊరని అడిగింది. అత్తయ్య దాసన్నపేట అనగానే ఏ వీధి, ఎవరిల్లు అని మొదలైంది. పది నిమిషాల్లో ఆ ఇద్దరూ కలిసి నలభై ఏళ్ళ కిందటి ఇళ్ళన్నీ వరసగా లెక్కపెట్టేశారు. బంధుత్వం ఏదీ తేలలేదు. తేలకపోయినా ఆవిడ మా బ్యాగులు లోపల పెట్టించి, "గుడికి ఎల్లి రండి, భోజనానికి ఇక్కడికే రావాల" అని చెప్పి పంపింది. ఆవిడ ఇంట్లో అప్పటికే పద్దెనిమిది మంది చుట్టాలున్నారు. సిరిమానుకి ఆ ఊళ్ళో చుట్టాలు రాని ఇల్లు ఉండదట. ఆడపిల్లలు సంక్రాంతికి రాకపోయినా దీనికి వస్తారట.

చదురుగుడి క్యూలో రెండున్నర గంటలు నిలబడ్డాం. నిలబడినంతసేపూ అత్తయ్య పాపకి కథ చెబుతూనే ఉన్నారు. పైడితల్లి విజయనగరం రాజు విజయరామరాజు చెల్లెలు. 1757లో బొబ్బిలి యుద్ధానికి అన్న బయల్దేరినప్పుడు వద్దని బతిమాలింది. అన్న పోయాడన్న వార్త విని ఆవిడా ప్రాణం విడిచింది. తర్వాత పతివాడ అప్పలనాయుడికి కలలో కనిపించి, పెద్దచెరువులో ఉన్నానని చెబితే విగ్రహం పైకి తీసి గుడి కట్టారు. స్టేషన్ దగ్గర ఉన్నది వనంగుడి, ఇది చదురుగుడి. ఈ కథ నేను చాలాసార్లు చదివాను. కానీ "మా అమ్మోరు" అంటూ ఆ ఊరి ఆడపిల్ల చెబుతుంటే నా వెనక క్యూలో ఉన్నవాళ్ళు కూడా మాటలాపి విన్నారు.

మధ్యాహ్నం ఆ ఇంట్లో విస్తళ్ళు వేసి పెట్టారు. పులిహోర, గారెలు, కందా బచ్చలి, ముద్దపప్పు, పెరుగు. ఆ కందా బచ్చలిలో ఆవ పెట్టిన ఘాటు ఇంకా ముక్కులో ఉంది. మావారు మూడోసారి వడ్డించుకున్నారు. పొద్దుటి నుంచి నాతో మాట్లాడని మనిషి, "నీకూ కొంచెం వేయమంటావా" అని అడిగారు. ఆ కందా బచ్చలికి నేనూ రుణపడి ఉన్నాను.

మూడు దాటాక అందరం వాళ్ళ పక్కింటి మేడ ఎక్కాం. రెండు భవనాల మధ్య నుంచి రోడ్డు ముక్క కనిపిస్తుంది, అంతే. పాప నిరాశపడింది. ఇంతలో కింద గోల మొదలైంది. సిరిమానుకి ముందు నడిచే పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ఒక్కొక్కటే వెళ్ళాయి. ఆ తర్వాత జనం తలల మీద, కరెంటు స్తంభాలకంటే ఎత్తులో, ఒక మనిషి గాల్లో కూర్చుని వస్తున్నాడు. చింతమాను మొదలు బండి మీద ఉంటుంది. యాభై అరవై అడుగుల పొడవున అది పైకి లేచి సన్నబడిన చోట, చివరి కొసన ఆసనం మీద పూజారి. ఏ చెట్టు కొట్టాలో అమ్మవారే ఆయనకి కలలో వచ్చి చెబుతుందని నమ్మకం. మాను ఊగుతుంటే ఆయనా ఊగుతున్నాడు. నాలుగు వైపుల నుంచీ అరటిపళ్ళు గాల్లోకి లేచాయి. పొద్దున ఆవిడ అరుగు మీద విడదీసిన పళ్ళు ఇందుకేనని అప్పుడు అర్థమైంది. అత్తయ్య చేతికీ నాలుగు ఇచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి విసిరితే పక్క గోడ దాటలేదు. "ఇంకోటి ఇయ్యి తల్లీ" అని మళ్ళీ విసిరారు. గుడికీ కోటకీ మధ్య మాను మూడుసార్లు తిరుగుతుంది. ప్రతిసారీ ఆవిడ నిలబడే ఉన్నారు. మోకాళ్ళ మాట ఎత్తలేదు.

ఆ రాత్రి వాళ్ళ ఇంటి ముందుగదిలోనే చాపలు వేసుకుని పడుకున్నాం. కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చాయి.

బుధవారం కోట, గంటస్తంభం, గురజాడ ఇల్లు, 1919లో మొదలైన సంగీత కళాశాల చూశాం. అన్నీ దగ్గర దగ్గరే, ఒక పూట చాలు. రామతీర్థానికి ఆటో రానూపోనూ 700. దారిలో బండి మీద చోడి అంబలి, అంటే రాగి అంబలి, గ్లాసు 20, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయతో. నా మాట విని అది తప్పకుండా తాగండి. కోటకి దగ్గరలో ఒక చిన్న హోటల్లో మినపరొట్టె 40 రూపాయలకి పెట్టారు. అంచులు కరకరలాడుతూ, లోపల దూదిలా ఉంది. పాప దాన్ని కేకు అంటోంది.

ఇక వెళ్ళాలనుకునేవాళ్ళకి. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారమే సిరిమాను. ఊళ్ళో చుట్టాలు లేకపోతే విజయనగరంలో గది కోసం పాకులాడకండి. విశాఖపట్నంలో ఉండండి, అరవై కిలోమీటర్లే, కాంప్లెక్స్ నుంచి బస్సులు వస్తూనే ఉంటాయి. ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళు ఆధార్ చూపిస్తే జీరో టికెట్. పొద్దున్నే చేరుకోండి, చేతిలో నీళ్ళసీసా తప్ప ఏ సామానూ వద్దు. పెద్దవాళ్ళుంటే మడత కుర్చీ ఒకటి తీసుకెళ్ళండి. లాడ్జీయే తప్పదనుకుంటే ధర, తేదీలు, రెండు రాత్రులు అన్న మాట, అన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. మా దగ్గర డబ్బు పంపిన రుజువే ఉంది, మాట రుజువు లేదు. ఇంటికి వచ్చాక ఆ లాడ్జీకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. నా నంబరు చూసి ఎత్తడం లేదు.

బయల్దేరేటప్పుడు ఆ ఇంటావిడ చేతిలో డబ్బు పెట్టబోతే మావారి చెయ్యి గట్టిగా తోసేసింది. పైగా రైల్లో తినమని స్టీలు డబ్బా నిండా పులిహోర పెట్టింది. ఆ డబ్బా ఖాళీగా తిరిగి పంపకూడదని అత్తయ్య పట్టుబట్టారు. నిన్న ఆత్రేయపురం పూతరేకులు పెట్టి పార్శిల్ చేశాం. పూతరేకులు 400, పార్శిల్‌కి 130. విరగకుండా చేరాయా లేదా అని పొద్దుటి నుంచి ఇద్దరూ ఫోన్లో ఆ యాసలోనే మాట్లాడుకుంటున్నారు.