మడత కత్తి లాక్ పోయింది: లైఫ్‌టైమ్ వారంటీతో నా అనుభవం, అనంతపురం పాతూరులో జరిగిన రిపేరు

ముందు అసలు సంగతి చెప్పేస్తా, తర్వాత ఓపిక ఉన్నవాళ్లు మొత్తం చదవండి. ఆన్‌లైన్‌లో 2,350 రూపాయలు పెట్టి కొన్న మడత కత్తికి లాక్ పోయింది. డబ్బా మీద లైఫ్‌టైమ్ వారంటీ అని పెద్ద అక్షరాలతో ఉంది. రెండు నెలలు మెయిళ్లు రాశాను, ఫోన్లు చేశాను, చివరికి కత్తి ఎట్లా పోయిందో అట్లానే తిరిగొచ్చింది. అదే కత్తిని అనంతపురం పాతూరులో తాళంచెవులు చేసే ఒక పెద్దాయన రెండు రోజుల్లో 180 రూపాయలకు బాగు చేసిచ్చాడు. ఇచ్చేటప్పుడు దీన్ని ఏ పనికి నమ్మొచ్చో, ఏ పనికి నమ్మకూడదో కూడా విడమరిచి చెప్పాడు. ఆ చెప్పడం కోసమే ఈ రివ్యూ రాస్తున్నా.

మాది గార్లదిన్నె దగ్గర, నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట. తోటలో జేబులో కత్తి లేకుండా పని జరగదు. డ్రిప్ పైపు కోయాలన్నా, ఎరువు మూట విప్పాలన్నా, ఎండుపుల్లలు తీయాలన్నా అదే. అన్నిటికంటే ఎక్కువ పని బంక తెగులుతో. మొదలు దగ్గర బెరడు పగిలి బంక కారుతుంటే, కుళ్లిన బెరడంతా మంచి భాగం కనిపించేదాకా గీకేసి బోర్డో పేస్ట్ పూయాలి. కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు కలిపితే ఆ పేస్ట్. నాయన చిన్నప్పటి నుంచి ఈ పనికి పిడి కొట్టించిన మామూలు కత్తే వాడతాడు. నేనేమో జేబులో పట్టే మడత కత్తి ఉంటే బాగుంటుందని, లాక్ కూడా ఉందని దీన్ని కొన్నా.

లాక్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే ఉంది. దీంట్లో ఉన్నది లైనర్ లాక్ అంటారు. పిడి లోపల సన్నటి స్టీలు రేకు ఒకటి ఉంటుంది, దాన్ని స్ప్రింగులాగా లోపలికి వంచి పెడతారు. బ్లేడు పూర్తిగా తెరవగానే ఆ రేకు టక్కున పక్కకు వచ్చి బ్లేడు తోక, అంటే పిడిలో ఉండే చివర, వెనక నిలబడుతుంది, ఇక బ్లేడు వెనక్కి మడవదు. మూయాలంటే బొటనవేలితో రేకును పక్కకు నెట్టాలి. దీనికి ఇప్పుడు మనం చూసే రూపం ఇచ్చింది అమెరికాలో మైకేల్ వాకర్ అనే కత్తుల తయారీదారు, 1980ల మొదట్లో. తయారీ సులువు, ఒంటిచేత్తో మూయొచ్చు, అందుకే తక్కువ ధర కత్తుల నుంచి ఖరీదైన వాటిదాకా ఇదే కనిపిస్తుంది. కానీ మొత్తం భారం మోసేది ఆ రేకు చివర, మన గోరు మందం కంటే కొంచెం ఎక్కువ ఉండే అంచు. అది అరిగినా, దాని మీద మురికి పేరుకున్నా, స్ప్రింగు బిగువు తగ్గినా రేకు సరిగ్గా కూర్చోదు. బయటికి లాక్ పడినట్టే కనిపిస్తుంది. నాకు జరిగింది అదే.

పోయిన వానాకాలం ఒక చెట్టు మొదలు గీకుతున్నా. పదును పోతుందని బ్లేడు వెనక వైపుతో, అంటే వీపుతో గీకుతున్నా. అది తప్పని నాకు అప్పుడు తెలీదు. వాదరతో, అంటే పదును వైపుతో, నొక్కితే బలం బ్లేడును తెరిచే వైపుకే పోతుంది, అక్కడ ఆపడానికి లోపల గట్టి పిన్ను ఉంటుంది. వీపుతో నొక్కితే బలమంతా మూసే వైపుకు, అంటే నేరుగా ఆ రేకు మీదకు పోతుంది. రేకు జారింది, బ్లేడు మడుచుకుంది, చూపుడువేలికి మూడు కుట్లు, ఒక టీటీ ఇంజక్షన్. ఇంకొంచెం బలంగా నొక్కి ఉంటే వేలి నరం తెగేది అన్నాడు డాక్టర్. ఆ రాత్రి నాయన ఒక్క మాట కూడా అనలేదు, అది నాకు కుట్ల కంటే ఎక్కువ నొప్పి.

ఇక వారంటీ. అమ్మినవాళ్లను అడిగితే పది రోజుల రిటర్న్ గడువు ఎప్పుడో అయిపోయింది, బ్రాండు వాళ్లతో మాట్లాడుకోండి అన్నారు. డబ్బా మీద దిగుమతిదారు చిరునామా, కస్టమర్ కేర్ నంబరు ఉన్నాయి కాబట్టి వాళ్లనే అడిగాను. బిల్లు, ఫోటోలు, వీడియో అడిగారు, పంపాను. కత్తిని నా ఖర్చుతో పంపమన్నారు. కత్తి అని చెప్పగానే ఊళ్లో రెండు కొరియర్ కౌంటర్ల వాళ్లు వద్దన్నారు, మూడో చోట బ్లేడు మూసి, అట్ట చుట్టి, ఏముందో రాసిస్తే 210 రూపాయలకు తీసుకున్నారు. పందొమ్మిది రోజులకు తిరిగొచ్చింది. లోపల ఒక కాగితం. వాడకంలో వచ్చిన అరుగుదల, సరికాని వాడకం, కస్టమర్ స్క్రూలు విప్పిన గుర్తులు, కాబట్టి వారంటీ వర్తించదు.

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. స్క్రూలు నేను విప్పిన మాట నిజమే. వాటికి నక్షత్రం ఆకారపు చిన్న బిట్ కావాలి, నా దగ్గర లేక వేరేదేదో పెట్టి తిప్పితే ఒకదాని తల అరిగిపోయింది. కత్తి లోపల బంక గడ్డకట్టి ఉంది, అదీ నిజమే. చాలా కంపెనీల లైఫ్‌టైమ్ వారంటీ అంటే తయారీలో, మెటీరియల్‌లో ఉన్న లోపానికి మాత్రమే, మన వాడకంతో వచ్చే అరుగుదలకు కాదు. 1884 నుంచి ఉన్న స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ కూడా లోపాలకు జీవితకాలం అంటుంది కానీ మామూలు అరుగుదల, తప్పు వాడకం అందులోకి రావని అక్కడే రాస్తుంది. అది సరైన పద్ధతి. నా కంపెనీ మీద నా కోపం వాళ్లు కాదన్నందుకు కాదు. ఆ షరతు డబ్బా మీద ఎక్కడా లేదు, లోపలి కాగితంలో చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. రెండోది, సరే వారంటీ లేదు, డబ్బులిస్తా ఆ రేకు, పిన్ను, రెండు స్క్రూలు అమ్మండి అని అడిగాను. విడిభాగాలు అమ్మం అన్నారు. డబ్బులు తీసుకుని రిపేరు చేయండి అంటే రిపేరు సెంటరే లేదన్నారు. మరి లైఫ్‌టైమ్ అన్న మాటకు వాళ్లు చేయగలిగిన పని ఏమిటి? లోపం ఉంటే కొత్తది ఇవ్వడం, లేదంటే కాదనడం, అంతే. కొనేముందే ఇది తెలిస్తే నేను వేరే కత్తి కొనేవాణ్ని.

1915కు ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. వారంలో కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, అదే మోడల్ కొత్తది సగం ధరకు ఇస్తామన్నారు. అదే లాక్ ఉన్న అదే కత్తి నాకెందుకని వద్దన్నా. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చని తెలుసు. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. కానీ వీపుతో గీకింది నేనే అని నాకు తెలిసినప్పుడు తయారీ లోపం అని నేనెట్లా రాయను? మీ కత్తి కొన్న మొదటి వారంలోనే జారితే మాత్రం వదలొద్దు. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో వచ్చిన నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ తేదీలు రాసి పెట్టుకోండి.

ఇప్పుడు పాతూరు. టవర్ క్లాక్ వైపు నుంచి పాతూరులోకి పోతే ఇరుకు సందులో తాళాలు, గొడుగులు, కత్తెరలు బాగు చేసే చిన్న కొట్టు. బోర్డు లేదు. మా చిన్నాన్న తీసుకుపోయాడు. కొట్టు నడిపే భాయ్‌కి డెబ్బై ఏళ్లు దగ్గర ఉంటాయి, ఒక కంటికి భూతద్దం. కత్తి చేతికిస్తే ముందు తెరవలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. “తుత్తంలో ముంచినావా?” అన్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది. మా ఊళ్లో బోర్డో మిశ్రమం సరిగ్గా కుదిరిందా అని చూడటానికి ఇనుప కొడవలి మొన ముంచుతారు, ఎర్రగా రాగి పూత పట్టితే ఇంకా సున్నం కావాలని అర్థం. ఒకటి రెండుసార్లు కొడవలి దొరక్క నాయన ఈ కత్తే ముంచాడు, సరిగ్గా కడగలేదు. తుత్తం లోపలి చిన్న భాగాలను తినేసింది, దాని మీద బంక, దాని మీద మట్టి.

సరైన బిట్‌తో విప్పి, తల అరిగిన స్క్రూకు చిన్న గాటు పెట్టి దాన్నీ తీశాడు. కిరసనాయిల్లో నానబెట్టి, బంకను స్పిరిట్‌తో తుడిచి, రేకు చివర నాకు చూపించాడు. చతురస్రంగా ఉండాల్సిన అంచు ఒక పక్క గుండ్రంగా అరిగి ఉంది. కొత్తలో ఆ రేకు బ్లేడు తోక మీద పావు వంతు నుంచి సగం వరకు వచ్చి ఆగాలట, నాది పూర్తిగా అవతలి పక్కకు పోయి ఆనుకుంటోంది. “వెల్డింగ్ చుక్క పెట్టి రేకు పొడవు పెంచొచ్చు కదా భాయ్” అన్నా. “వేడి తగిలితే పదును పోతుందప్పా, మెత్తబడుతుంది. ఇంకోసారి నీ వేలు కోసుకుపోతుంది” అన్నాడు.

ఆయన చేసిన పని ఇది, నాకు అర్థమైనంత. రేకు అంచును సన్నటి ఆకురాయితో రెండు మూడు తాకులు తాకించి బ్లేడు తోక వాలుకు సరిపోయేలా చేశాడు. రేకును కొంచెం లోపలికి వంచి బిగువు తెచ్చాడు. బ్లేడును ఆపే పిన్ను తీసేసి, పాత డ్రిల్ బిట్ కాడ నుంచి వెంట్రుకవాసి లావు ఎక్కువున్న పిన్ను కోసి పెట్టాడు. పిన్ను లావైతే బ్లేడు కొంచెం ముందే ఆగుతుంది, కాబట్టి రేకు అంత దూరం పోనవసరం లేకుండానే గట్టిగా ఆనుతుంది. చాలా చిన్న ఆలోచన, కానీ నాకు చాలా నచ్చింది. తర్వాత వేళ్లు బ్లేడు దారిలో లేకుండా పిడి పట్టుకుని, వీపును టేకు చెక్క మీద మెల్లగా నాలుగైదుసార్లు తట్టాడు, తర్వాత నొక్కాడు. జారలేదు. నా చేత కూడా చేయించాడు.

డబ్బులిస్తుంటే అన్నాడు: “ఇది పైపు కోయ, తాడు కోయ వాడుకో. చెట్టు గీకొద్దు. నేను చేసింది కొత్తది కాదు, అరిగినదాన్ని సర్దినా, అంతే. మడత కత్తి ఏదైనా మధ్యలో విరిగిన కత్తే కదా.” అరిగిన వస్తువును ఎంతవరకు నమ్మొచ్చో ఇంత సూటిగా నాకు ఏ వారంటీ కాగితమూ చెప్పలేదు. నేను అడగాల్సిన సమాచారం కూడా ఆయనే ముందుగా ఇచ్చాడు.

కొట్టు గురించి బాగోలేనివీ చెప్పాలి. బిల్లు ఇవ్వడు, గ్యారంటీ ఏమీ రాసివ్వడు. గాటు పెట్టిన స్క్రూ తల అందంగా లేదు, చూపుకు కొత్తదిలా కావాలనుకునేవాళ్లకు నచ్చదు. రేపు రా అంటే ఎల్లుండి అవుతుంది. శుక్రవారం మధ్యాహ్నం మూసి ఉంటుంది. విలువైన కత్తి, ఇంకా వారంటీలో ఉన్న కత్తి ఉంటే ముందు కంపెనీకే పంపండి, ఎందుకంటే బయట విప్పితే ఆ తర్వాత కంపెనీ చూడదు.

కొత్తగా కొనేవాళ్లకు ఒక్క మాట. కత్తి వచ్చిన రోజే, రిటర్న్ గడువు ఉండగానే, రేకు బ్లేడు తోక మీద ఎంతవరకు వచ్చి ఆగుతోందో చూడండి. బ్లేడును పక్కలకు కదిపి చూడండి. భాయ్ చేసినట్టు వేళ్లు పక్కన పెట్టి వీపును చెక్క మీద మెల్లగా నొక్కి, వీడియో తీసి దాచుకోండి. తోట పనికే అయితే రింగు లాక్ ఉన్నది చూడండి, ఫ్రాన్స్ ఒపినెల్ వాళ్లు 1955 నుంచి చేస్తున్నారు, పిడి మెడ దగ్గర లోహపు రింగు తిప్పితే బ్లేడు బిగుస్తుంది, లోపల మురికి పడితే కంటికి కనిపిస్తుంది. బంక గీకడానికైతే నాయన కత్తే, మడత లేనిదే.

కంపెనీకి ఐదుకు ఒకటిన్నర, అది కూడా ఫోన్ ఎత్తి మర్యాదగా మాట్లాడినందుకు. భాయ్‌కి నాలుగున్నర. నాలుగు నెలలుగా పైపులు కోస్తున్నా, లాక్ ఇంకా అక్కడే ఆగుతోంది, ప్రతి ఆదివారం విప్పకుండానే బ్రష్‌తో దులిపి ఒక చుక్క కుట్టు మిషన్ నూనె ఇరుసు దగ్గర వేస్తున్నా, రేకు అంచు మీద మాత్రం పడనివ్వను. మా బావమరిది దగ్గర వీపు వెనక స్ప్రింగు విరిగిన పాత చాకు ఒకటుంది, ఈ బుధవారం దాన్ని కూడా పాతూరుకు తీసుకుపోతున్నా, అది బాగైతే ఎంత తీసుకున్నాడో, ఎట్లా చేశాడో ఇక్కడే రాస్తా.