చీర కట్టిన దేహం: రవివర్మ మేలా, అమృతా షేర్‌గిల్ మేలా?

మనిషి బొమ్మ వేయడం నేర్చుకుంటున్నవారు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. దుస్తులకూ దేహానికీ స్త్రీపురుష భేదానికీ ఉన్న సంబంధాన్ని తెలుసుకోవడానికి ఎవరి చిత్రాలను ముందుగా చూడాలి?

వస్త్రాన్ని చూపడంలో రాజా రవివర్మకు సాటి రాగలవారు అరుదు. పట్టు మెరుపునూ, జరీ అంచు బరువునూ, కుచ్చిళ్ల మధ్య నీడనూ ఆయన తైలవర్ణాలలో చేత్తో తాకాలనిపించేంతగా పలికించారు. మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లోని గాయనీమణుల బృందచిత్రంలో ఉన్న 11 మంది స్త్రీలు ఏ ప్రాంతం వారో, ఏ సముదాయం వారో వారి కట్టూ బొట్టే చెబుతాయి. 1894లో ఆయన నెలకొల్పిన ముద్రణాలయం నుంచి వెలువడిన రంగుల అచ్చులైతే దేవతల చీరకట్టును కూడా మన ఊహలో స్థిరపరిచాయి. అయినా, ముల్లు తీసుకునే నెపంతో వెనుదిరిగి చూసే శకుంతల నడుము మెలికా, చీర ముడతలూ చూసేవారి కన్నుల కోసమే అమర్చినట్లు ఉంటాయి.

నా దృష్టిలో తీర్పు చెప్పవలసిన అంశం ఒక్కటే: బట్ట లోపలి దేహానికి తనదైన బరువూ, అలసటా, ఆలోచనా ఉన్నాయా? ఈ విషయంలో అమృతా షేర్‌గిల్ చాలా ముందుకు వెళ్లారు. 1935లో ఆమె వేసిన ముగ్గురు అమ్మాయిల చిత్రంలో దుస్తులు విశాలమైన రంగుల పరపులుగా మిగిలి, వాలిన చూపులలోని దిగులు నేరుగా మనల్ని చేరుతుంది. అజంతా చూసి, దక్షిణాది తిరిగి వచ్చాక 1937లో వేసిన పెళ్లికూతురి అలంకరణ చిత్రంలో వధువు పైమేనిపై వస్త్రం లేకపోయినా ఆ దేహం ఎవరినీ ఆకర్షించే ప్రయత్నం చేయదు. తన చుట్టూ జరుగుతున్న అలంకరణకు లోబడి, తనలో తానుగా కూర్చుని ఉంటుంది. అదే ఏడాది వేసిన బ్రహ్మచారుల చిత్రం నాకు మరింత విలువైనది. తెల్లని ధోవతులతో, జంధ్యాలతో కూర్చున్న ఆ యువకుల మెత్తని దేహాలను చూసినప్పుడు, కట్టుబాటును ఒంటిమీద మోసేది స్త్రీ ఒక్కతే కాదని స్పష్టమవుతుంది. పురుషదేహాన్ని రవివర్మ ఇంత మౌనంగా, ఇంత నిశితంగా ప్రశ్నించిన చిత్రం నాకు తారసపడలేదు.

మూడో దారి కోరేవారికి తోట వైకుంఠం ఉన్నారు. బాల్యంలో తమ ఊరికి వచ్చిన నాటక బృందాలలో ఆడవేషం కట్టిన పురుషులు ఆయనను ఆకట్టుకున్నారు. నిండైన దేహాలూ, పెద్ద బొట్లూ, ముదురు రంగుల చీరలూ గల ఆయన తెలంగాణ స్త్రీలలో ఆ రంగస్థల గాంభీర్యం కనిపిస్తుంది. పురుషుల మధ్య ప్రేమను చిత్రించిన భూపేన్ ఖఖ్ఖర్‌ను ఆ తరువాత చూడవచ్చు.

మడతలూ మెరుపులూ సాధన చేయాలనుకునేవారు రవివర్మతో మొదలుపెట్టడంలో తప్పులేదు. దేహాన్ని అర్థం చేసుకోవాలనుకునేవారు మాత్రం ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలకు వెళ్లి, షేర్‌గిల్ చిత్రాలలో ముందుగా బ్రహ్మచారుల ఎదుట నిలబడాలని నా సలహా.