జర్మనీ, ఫ్రాన్స్: పిల్లలతో తరలివెళ్లే కుటుంబానికి ఆదాయపు పన్ను

రెండు దేశాల్లోనూ ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు 45 శాతమే కాబట్టి, కేవలం రేట్ల పట్టిక చూసి నిర్ణయానికి రావడం వల్ల ప్రయోజనం లేదు; అసలు తేడా కుటుంబాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతిలో ఉంది. జర్మనీలో దంపతులు కోరుకుంటే ఇద్దరి ఆదాయాన్ని కలిపి, సగం చేసి, ఆ సగంపై పడే పన్నును రెట్టింపు చేస్తారు. ఒకరే సంపాదించే ఇంటికి ఇది బాగా కలిసివస్తుంది, కానీ ఈ భాగహారంలో పిల్లలకు చోటు లేదు. వారి కోసం మొదటి బిడ్డ నుంచే నెలనెలా భత్యం (2025లో ఒక్కొక్కరికి 255 యూరోలు) చెల్లిస్తారు. ఆదాయం ఎక్కువైనప్పుడు పన్ను మినహాయింపే లాభకరమైతే దానినే వర్తింపజేస్తారు.

ఫ్రాన్స్ పిల్లలను భాగహారంలోనే చేరుస్తుంది. దంపతులకు రెండు భాగాలు, మొదటి ఇద్దరు పిల్లలకు చెరో అరభాగం, మూడో బిడ్డ నుంచి ఒక్కొక్కరికి పూర్తి భాగం చొప్పున లెక్కిస్తారు; అంటే ముగ్గురు పిల్లలున్న ఇంటి ఆదాయాన్ని నాలుగుతో భాగిస్తారు. అయితే ఇలా తగ్గే పన్నుకు ఒక పరిమితి ఉంది, పైగా సాధారణ కుటుంబ భత్యం రెండో బిడ్డతోనే మొదలవుతుంది. కనుక ఒకే బిడ్డ ఉన్నవారికి జర్మనీ, ముగ్గురున్నవారికి ఫ్రాన్స్ ఎక్కువ అనుకూలమని నా అభిప్రాయం.

జర్మనీలో నివాసం నమోదు చేసుకునేటప్పుడు మతం గడిని ఆలోచించి నింపాలి: కాథలిక్ లేదా ప్రొటెస్టంట్ చర్చి సభ్యులకు, రాష్ట్రాన్ని బట్టి, ఆదాయపు పన్ను మొత్తంపై 8 లేదా 9 శాతం చర్చి పన్ను అదనంగా పడుతుంది.