ఎర్తు లేని పాత ఇంట్లో ప్లాస్టిక్ బాడీ ఎల్‌ఈడీ బ్యాటన్: ఏళ్ళ వాడకం తర్వాత

శ్రీకాకుళం, నరసన్నపేట, బొబ్బిలి వైపు పాత పెంకుటిళ్ళలో లైటు పాయింటుకి వచ్చేవి రెండే తీగలు, ఫేజూ న్యూట్రలూ. చెక్క బద్దల మీద క్లిప్పులు కొట్టి లాగిన వైరింగు అది. ఎర్తు తీగ చాలా ఇళ్ళలో స్విచ్‌బోర్డు దాకా కూడా రాదు. అలాంటి చోట చోకూ స్టార్టరూ ఉన్న ఇనప ట్యూబ్‌లైట్లు దింపేసి, 4 అడుగుల 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటన్లు (ట్యూబ్‌లైటులా పొడుగ్గా ఉండే లైట్లు) పెట్టి ఏళ్ళుగా వాడుతున్నాం. కొనేటప్పుడు వాట్ల కన్నా ముందు బాడీ ఏమిటో చూడండి.

పెట్టె మీద చదరంలో చదరం గుర్తు ఉంటే అది రెండు పొరల ఇన్సులేషన్ ఉన్న లైటు, దానికి ఎర్తు అక్కర్లేదు. రెండు తీగల ఇంటికి అదే కావాలి. వెనక అల్యూమినియం ఉన్న రకం చూడ్డానికి గట్టిగా ఉంటుంది గానీ, ఈ ఇళ్ళకి వద్దు. చవక లైట్ల డ్రైవర్లలో (మెయిన్ కరెంటుని ఎల్‌ఈడీలకి సరిపడేలా మార్చే సర్క్యూట్లు) చాలావాటిలో ట్రాన్స్‌ఫార్మర్ అడ్డు ఉండదు. ఎల్‌ఈడీ చుక్కల సర్క్యూట్టు నేరుగా మెయిన్‌తో కలిసే ఉంటుంది. దానికీ అల్యూమినియానికీ మధ్య ఉండేది సన్నని పొర. తేమకి అది పాడైతే బాడీకి 230 వోల్టులు ఎక్కుతాయి. ఎర్తు లేదు కాబట్టి ఫ్యూజు పోదు, లైటూ మామూలుగానే వెలుగుతుంది. తడిగుడ్డతో తుడవబోయిన మనిషికే తెలుస్తుంది. ఇదే కారణంగా, ప్లాస్టిక్ బ్యాటన్‌కైనా పై మూత పగిలితే టేపు వేసి వాడొద్దు, మార్చెయ్యాలి.

బిగించడంలో లైటు పని పది నిమిషాలు, పాత తీగల పనే అసలు పని. మెయిన్ ఆపి, కిట్‌క్యాట్ ఫ్యూజు పీకి దగ్గరే పెట్టుకోండి. సీలింగ్ రోజ్ (పైన లైటుకి తీగలు కలిసే గుండ్రటి డబ్బా) విప్పగానే తీగల రబ్బరు తొడుగు చూడండి. వేలితో వంచితే పొడిపొడిగా రాలుతోందా? అయితే మెత్తగా ఉన్నచోటి దాకా కోసి, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని తీగని పట్టేసే గొట్టం) తొడగాలి. లోపలంతా అలాగే ఉంటే స్విచ్ నుంచి లైటు దాకా 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ కొత్తగా లాగండి, దాంతోపాటే ఓ పచ్చ తీగ కూడా. ఇప్పుడు దాని చివర కట్టేసి ఉంచినా, రేపు ఎర్తు గుంత తవ్వించినప్పుడు గోడ మళ్ళీ కొట్టనక్కర్లేదు. పాతది అల్యూమినియం తీగైతే రాగితో మెలేసి టేపు చుట్టకండి. ఆ అతుకు వదులై వేడెక్కుతుంది. స్క్రూ కనెక్టర్‌లో దేని గడిలో దాన్ని బిగించాలి.

సున్నం గోడకి డ్రిల్ పెడితే కన్నం పెద్దదైపోయి ప్లగ్గు నిలవదు. చెక్క ముక్క దిగ్గొట్టి దానికి క్లిప్పులు బిగించండి. దూలం అందుబాటులో ఉంటే గోడ జోలికే పోవద్దు.

స్విచ్ ఆపాక కూడా లైటు మిణుకుమిణుకుమంటోందంటే ముందు అనుమానించాల్సింది స్విచ్ న్యూట్రల్‌లో ఉందేమోనని. పాత ఇళ్ళలో ఇది మామూలే. ప్రమాదం కూడా, ఎందుకంటే స్విచ్ ఆపినా పాయింటులో ఫేజు ఉంటుంది. స్విచ్‌ని ఫేజులోకి మార్చండి.

ఎర్తు లేదని న్యూట్రల్‌ నుంచి బాడీకి తీగ కలిపేసే పని మన ఊళ్ళలో కొందరు చేస్తారు. దయచేసి చెయ్యనివ్వకండి. న్యూట్రల్ ఎక్కడ ఊడినా, స్విచ్ వేసి ఉన్న బల్బు గుండా ఫేజు వచ్చి ఆ బాడీ మీద కూర్చుంటుంది. నీళ్ళ పైపుకి కలపడమూ అంతే చేటు. ఆ డబ్బుతో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంటు లీకైతే లైను తెంచేసే స్విచ్ అది, పనిచెయ్యడానికి ఎర్తు అక్కర్లేదు. కాకపోతే ఎర్తు ఉన్న ఇంట్లో కరెంటు లీకైన వెంటనే పడిపోతుంది, లేని ఇంట్లో ఎవరో ముట్టుకున్నాకే పడుతుంది. షాకు తగులుతుంది, పట్టుకుని మాత్రం ఉంచదు. ఈ తేడా ఇంట్లోవాళ్ళందరికీ తెలియాలి. పెట్టగానే ఊరికే పడిపోతుంటే ఆర్‌సీసీబీని తిట్టకండి. ఎక్కడో నిజంగానే కరెంటు లీకవుతుండొచ్చు, లేదా ఏదో గదికి న్యూట్రల్ వేరే లైన్‌లోంచి తెచ్చి ఉండొచ్చు, దాన్ని వెతికి సరిచెయ్యాలి.

ఇన్నేళ్ళలో తేలినది: సాయంత్రం లో-వోల్టేజీలో చోక్ లైటు కొట్టుకునేది, బ్యాటన్ నిలకడగా వెలుగుతుంది. కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి ఇనప పట్టీ తుప్పుపట్టి రాలిపోతుంది, ప్లాస్టిక్‌కి ఆ బాధ లేదు. వంటింట్లో మూత పసుపుబారి వెలుగు తగ్గుతుంది, చివరి మూతల్లోంచి పురుగులు దూరతాయి. ముందు పోయేది ఎల్‌ఈడీలు కాదు, డ్రైవరు. గాలివానకి స్తంభం మీద న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు, దానికి ఏ డ్రైవరూ ఆగదు. 2018 అక్టోబరు తిత్లీ లాంటి తుపాను తర్వాత కరెంటు తిరిగొచ్చేటప్పుడు స్విచ్‌లన్నీ ఆపి ఉంచి, ఒక్క పాత ఫిలమెంటు బల్బు వెయ్యండి. అది మామూలుగా వెలిగితేనే మిగతావి. మరీ తెల్లగా మండుతుంటే మెయిన్ దించి లైన్‌మాన్‌ని పిలవండి.