కారు తుప్పు గీకి నాలుగు వానాకాలాలు: ఏది నిలిచింది, ఏది నిలవలేదు

మాది 2006 నాటి మారుతి 800. నాన్నగారు కొన్న బండి. 2021లో పదిహేనేళ్లు నిండాయి, రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవాల్సి వచ్చింది. బీఎస్-4 అనే పొగ ప్రమాణాలు రావడంతో 2010లోనే హైదరాబాద్‌లో ఈ మోడల్ అమ్మకాలు ఆగిపోయాయి, కాబట్టి ఇది పోతే ఇలాంటిది మళ్లీ కొత్తది దొరకదు. అందుకే తుప్పు పట్టిన చోట్లు నేనే గీకి ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) వేశాను. పై రంగు మాత్రం మా వీధి చివర పెయింటర్ భాయ్ కొట్టాడు. పని నేర్చుకుంటూ చేయడంతో ఒక్కో చోట ఒక్కో పద్ధతి పడింది. ఇప్పుడు నాలుగు వానాకాలాలు తడిసిన తర్వాత ఆ తేడా రంగు మీదే కనిపిస్తోంది.

ముందుగా బానెట్ అంచు. రాణిగంజ్‌లో నాలుగు అంగుళాల గ్రైండర్‌కి వైర్ కప్ బ్రష్ కొన్నాను. ఐదు నిమిషాల్లో రేకు వెండిలా మెరిసింది, పని అయిపోయిందనుకున్నాను. భాయ్ వచ్చి చూసి, "సార్, ఆ మెరుపు నమ్మకండి, నల్ల చుక్కలు చూడండి" అన్నాడు. నిజమే. వైర్ బ్రష్ పైపై తుప్పును ఊడగొడుతుంది, మిగిలినదాన్ని మాత్రం రుద్ది నునుపు చేస్తుంది. సన్నటి గుంటల్లో ఉన్న తుప్పు అలాగే ఉంటుంది, చుట్టూ మెరుస్తుంటే అది మన కంటికి ఆనదు. పైగా అంత నునుపు మీద ప్రైమర్‌కి పట్టు కూడా తక్కువ. తొందరలో నేను ఆ మాట సగమే విన్నాను. బానెట్ అంచున రెండో వానాకాలానికే సన్నటి బుడగలు లేచాయి.

వెనక చక్రాల పైన వంపుల దగ్గరికి వచ్చేసరికి పద్ధతి మార్చాను. స్పాంజిలా రంధ్రాలుండే నల్లటి స్ట్రిప్ డిస్క్ దొరుకుతుంది. రంగును, తుప్పును తీస్తుంది కానీ రేకును పెద్దగా తినదు. ఎమరీ ముక్కలు పేర్చినట్టుండే ఫ్లాప్ డిస్క్ అయితే ఇంకా వేగం, కానీ కారు రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఒకేచోట నొక్కిపెడితే పలచబడుతుంది, వేడికి వంగుతుంది. తుప్పు కనిపించిన చోటే ఆపకుండా, చుట్టూ రెండు వేళ్ల వెడల్పు మంచి రంగును కూడా తీసేయాలి. రంగు కిందికి పాకిన తుప్పు అప్పుడే బయటపడుతుంది. ఆ తర్వాత 80 నంబరు ఎమరీ పేపర్ చేత్తో, దాని తర్వాత 120. చేతులు నొప్పిపుడతాయి, కానీ ఈ మెట్టుకు బదులు ఇంకోటి లేదు. కళ్లద్దాలు, మాస్కు లేకుండా గ్రైండర్ ముట్టుకోవద్దు. వైర్ బ్రష్ తీగలు తెగి సూదుల్లా ఎగురుతాయి.

ఇక ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్. ఇది తుప్పుతో కలిసి నల్లటి ఐరన్ ఫాస్ఫేట్ పొరగా మారుతుంది. గుంటల్లో మిగిలిన కాస్త తుప్పుకి చాలా బాగా పనిచేస్తుంది. కానీ పెచ్చులుగా ఉన్న తుప్పు మీద పూస్తే పై పొర మాత్రమే నల్లబడుతుంది, అడుగున ఎర్రది అలాగే ఉంటుంది. కుడి ఫెండర్ (ముందు చక్రం పైన రేకు) మీద బద్ధకించి గీకకుండా పూశాను, మొదట ఊడింది అదే. వెనక వంపుల్లో గీకాక గుంటల్లో మాత్రమే బ్రష్‌తో అద్ది, డబ్బా మీద రాసిన ప్రకారం కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాను. యాసిడ్ ఆనవాళ్లు మిగిలితే ఎపాక్సీ ప్రైమర్ సరిగ్గా పట్టదు, కాబట్టి ఈ కడగడం దగ్గర ఓపిక కావాలి.

విప్పగలిగిన చిన్న వస్తువులకు యాసిడ్ డబ్బా కూడా అక్కర్లేదు. బ్యాటరీ ట్రే, క్లాంపులు, బోల్టులను నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లలో నానబెట్టాను. లీటరుకు 50 గ్రాములు, ఒక రాత్రి. పొద్దున బ్రష్‌తో రుద్ది, వంట సోడా నీళ్లతో కడిగితే బూడిద రంగు శుభ్రమైన ఇనుము వచ్చింది. కిరాణా కొట్టు సామానుతో అయ్యే పని, నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది కూడా ఇదే.

ఎడమ డోరు సంగతి వేరు. దాన్ని 2021 ఆగస్టులో గీకాను. సాయంత్రం చీకటి పడింది, ప్రైమర్ రేపు వేద్దామని టార్పాలిన్ కప్పి పడుకున్నాను. తెల్లారి చూస్తే రేకంతా ఇటుక రంగు. వాన చుక్క పడలేదు, గాలిలో తేమే చాలు. అప్పటినుంచి ఒక రోజులో ప్రైమర్ వేయగలిగినంతే గీకుతున్నాను. మిగతా బండంతా 2022 మార్చి, ఏప్రిల్‌లలో పొద్దుటి పూట నీడలో చేశాను. మృగశిర కార్తె దాటితే తేమ, మేలో మధ్యాహ్నం ఎండకు ప్రైమర్ పరుచుకోకముందే ఎండిపోతుంది.

రెడ్ ఆక్సైడ్ గురించి తప్పకుండా చెప్పాలి. గేట్లకు, గ్రిల్స్‌కు వేసే ఆ ప్రైమర్ తుప్పును చంపుతుందని చాలామంది నమ్మకం. ఆ ఎర్ర రంగు కూడా ఐరన్ ఆక్సైడే, దానంతట అది తుప్పును ఆపదు. బానెట్ అంచుకు అదే వేశాను. సరిగ్గా ఆరకముందే పైన థిన్నర్ రంగు పడేసరికి ముడతలు లేచాయి, మళ్లీ చేయాల్సి వచ్చింది. వెనక వంపులకు రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ వేశాను. ఖరీదు ఎక్కువే, కానీ నాలుగు వానాకాలాలుగా ఒక్క బుడగ లేదు. లప్పం కూడా ఎపాక్సీ మీదే పెట్టించాను. రేకు మీద నేరుగా పెట్టే అలవాటు ఉంది గానీ, లప్పం తేమ పీల్చుకుంటుంది, అడుగున కాస్త తుప్పున్నా దాన్ని పెంచుతుంది.

ఇంత చేసినా కుడి డోరు కింది అంచున పోయిన వానాకాలం తర్వాత బుడగ వచ్చింది. బయట లోపమేమీ లేదు. లోపల నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో పూడుకుపోయాయి, తుప్పు లోపలి నుంచి బయటికి వచ్చింది. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే దిగింది. అలా దిగిందంటే గీకుడుతో అయ్యే పని కాదు, కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. ఎడమ డోరు రంధ్రాలను సైకిల్ చువ్వతో పొడిచి శుభ్రం చేసి, లోపల వ్యాక్స్ స్ప్రే కొట్టాను. కుడి డోరు వచ్చే మార్చిలో వెల్డర్ దగ్గరికి వెళ్తుంది, బానెట్ అంచు అప్పుడే మళ్లీ మొదటి నుంచి గీకుతాను, ఈసారి స్ట్రిప్ డిస్క్‌తో.