సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొంటున్నారా? గ్యారంటీ దేనికిస్తున్నారో చూడండి

కర్నూలులో పాత డెస్క్‌టాప్ కొనాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే డబ్బులు కట్టండి.

మా వదిన డీటీపీ పని కోసం ఊళ్లోని ఒక షాపులో ఐ5 ప్రాసెసర్ ఉన్న సిస్టమ్ తీసుకున్నాం. "ఆఫీసులో వాడిందమ్మా, పెద్దగా నలగలేదు. ప్రాసెసర్‌కు ఆరు నెలల గ్యారంటీ రాసిస్తాం" అన్నాడు షాపాయన. రాసిచ్చాడు కూడా. ఎండలు ముదిరేసరికి అది మొరాయించింది. మధ్యాహ్నం పూట పేజీలు సెట్ చేస్తుంటే ఉన్నట్టుండి నత్తనడక పట్టేది, కాసేపటికి దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. షాపుకు తీసుకెళ్తే "ప్రాసెసర్ బాగానే ఉంది కదమ్మా, గ్యారంటీ దానికే" అని చేతులు దులుపుకున్నాడు.

ప్రాసెసర్ నిజంగానే బాగుంది. మోసం అక్కడే ఉంది. రాత్రింబవళ్లు నడిపినా ప్రాసెసర్ అంత తొందరగా పోదు. వేడెక్కితే తానే వేగం తగ్గించుకుంటుంది, మరీ మించితే సిస్టమ్‌ను ఆపేస్తుంది. లోపలి సన్నటి తీగల్లోని లోహం కరెంటు తాకిడికి కొద్దికొద్దిగా జరగడం ఉంటుంది గానీ, మామూలు వోల్టేజీలో దానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని దెబ్బతిన్నది అవసరానికి మించిన వోల్టేజీ వల్ల. అది వేరే కథ. ఆగకుండా నడిచే సిస్టమ్‌లో ముందు అరిగేది ప్రాసెసర్ చుట్టూ ఉన్న సామాను. దానికేమో గ్యారంటీ లేదు.

తెలిసిన మెకానిక్ దగ్గర మూత విప్పించాం. ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము దూదిలా గట్టిపడి ఉంది. ఆ వేడిని హీట్‌సింక్‌కు చేర్చడానికి ప్రాసెసర్ మీద పూసే పేస్టు ఎండి పెచ్చులుగా రాలింది. మదర్‌బోర్డు మీద కరెంటును నిలకడగా ఉంచే చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లలో రెండింటి తలలు ఉబ్బి, ఒకదాని అంచున గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది. ఈ కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. బయటే 42 డిగ్రీలుండే మన ఊళ్లో డబ్బా లోపల ఎంతుంటుందో ఆలోచించండి. ఇక హార్డ్ డిస్క్ నడిచిన గంటలు చూస్తే 41 వేలు దాటాయి! ఏడాది మొత్తం ఆపకుండా నడిపితే 8,760 గంటలు. అంటే నాలుగున్నరేళ్లకు పైగా క్షణం ఆగకుండా నడిచినంత. సీసీ కెమెరాల రికార్డింగుకో, సర్వర్‌గానో వాడినదాన్ని "నలగలేదు" అని అంటగట్టారు.

కొనేముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి పవర్ ఆన్ గంటలు చూడండి. హార్డ్ డిస్క్ బదులు కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి ఉంటే మాత్రం ఆ అంకెను నమ్మొద్దు, బోర్డు వయసు దానికి తెలియదు. బ్రాండెడ్ సిస్టమ్ అయితే వెనకున్న సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పుడు మొదలైందో చూడొచ్చు. మూత విప్పనివ్వకపోతే కొనకండి, అంతే. విప్పి చూశాక మళ్లీ మూసి, అరగంట సేపు ప్రాసెసర్‌కు ఫుల్ లోడ్ ఇచ్చి టెంపరేచర్ చూడండి. 100 దగ్గరికి పోయి వేగం పడిపోతోందంటే మే నెలలో అది మీకు పనికిరాదు. గ్యారంటీ మదర్‌బోర్డుకు, లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌కు కూడా ఉందని బిల్లులో రాయించుకోండి. నోటిమాటగా చెప్తే కుదరదు.

మేము బిల్లు, కెపాసిటర్ల ఫొటోలు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. ఇంకా జవాబు రాలేదు. ఈలోగా అదే లాటులో వచ్చినవి ఇంకా కొన్ని ఆ షాపులో కనబడ్డాయి. నల్ల క్యాబినెట్, వెనక పాత ఆఫీసు నంబరు స్టిక్కరు సగం గీకేసిన గుర్తు. అలాంటిది మీకు చూపిస్తే ముందు మూత విప్పమనండి.